సెర్వా జడల లెక్క

కుమాసి పట్నంలో జడలల్లే సెర్వాకి ఒక గట్టి నమ్మకం ఉండేది. మనుషులు అబద్ధమాడతారు గానీ జుట్టు అబద్ధమాడదని.

కొత్త టీవీ సీరియల్ ఆమె కొట్లో అందరి బుర్రా తినేసింది. కథని ముక్కలు చేసి తారుమారుగా చూపిస్తారు. ఒకసారి నాయిక మొగుడి అంత్యక్రియల్లో ఉంటుంది, ఇంకోసారి పోలీసు స్టేషన్లో ఉంటుంది. ఏది ముందో చెప్పి చావరు.

"మొగుడు పోయాకే పట్టుకెళ్లారు," అంది సెర్వా, జడలల్లించుకోడానికొచ్చిన కొనాదు తలలో పాయ తీస్తూ. "అంత్యక్రియల్లో జడలు నిన్న అల్లినట్టున్నాయి. స్టేషన్లో చూడు, అవే జడలు వదులై నూగు లేచాయి. నెల పాతవి."

"మా సెర్వక్క కళ్లే కళ్లు!" అంది కొనాదు, కాల్చిన అరటికాయ నములుతూ. కొట్టంతా ఒప్పేసుకుంది.

తరువాతి వారం అందరూ మళ్లీ కొట్లో చేరారు. స్టేషన్ సీను మిగతాది చూపించారు. పెళ్లాన్ని విడిపించడానికి ఆ మొగుడు నిక్షేపంగా నడిచొచ్చాడు! ఆవిడ ఉక్కపోస్తోందంటూ జడలన్నిటినీ టోపీలా ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది.

పాత విగ్గు!

కొనాదు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏమక్కా, నెల పాతవా?"

సెర్వా దువ్వెన విసిరికొట్టి, తనూ కడుపు పట్టుకుని నవ్వింది. ఆనాటి నుంచి ఏ కథ వరుస అడిగినా ఆమెది ఒకటే మాట: "ముందు ఆ పిల్ల జుట్టు నన్నొకసారి లాగి చూడనివ్వండి."