ఓనరమ్మ పెరట్లో దొరికిన రాజు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం ముందు వినండి, తర్వాత నవ్వుకుందురు గానీ. మా వీధిలో తలెత్తుకుని నడవలేకపోతున్నా!

కెనడాలోని విన్నిపెగ్‌లో మాది బేస్‌మెంట్. నేనూ, కడప నుంచి వచ్చిన ప్రవల్లికా ఉంటాం. పైన ఓనరమ్మ లిండా గారు, డెబ్బై దాటిన మనిషి. మంచు కరగగానే "పెరట్లో మీకు కావలసినవి వేసుకోండి" అన్నారు. సరే, గోంగూర వేద్దామని పార పట్టా.

అసలు తప్పంతా నా ప్రెజెంటేషన్‌ది. అంతకు రెండ్రోజుల ముందే కమ్యూనికేషన్ క్లాసులో ఇచ్చా, నచ్చిన టాపిక్ మీద. ఐదొందల ఏళ్ల కిందట యుద్ధంలో చచ్చిపోయిన ఒక ఇంగ్లండ్ రాజు. సమాధి ఎక్కడో ఎవరికీ తెలీదు. చివరికి కార్ పార్కింగ్ కింద దొరికాడు! వెన్నెముక వంకరగా ఉండటంతోనే మొదట అనుమానం వచ్చిందట. ఆ తర్వాత టెస్టులన్నీ చేసి, రాజమర్యాదలతో మళ్లీ చర్చిలో పాతిపెట్టారు. నా బుర్రంతా అదే.

రెండడుగులు తవ్వానో లేదో, ఎముకలు! పార పక్కన పడేసి, పాత టూత్‌బ్రష్ తెచ్చి మట్టి దులిపా. తల ఇంకా మట్టిలోనే ఉంది. వెన్నుపూసలు మాత్రం వరసగా... వంకరగా!

"ప్రవల్లీ! వెన్ను వంకరే!" అని ఒకటే అరుపు. ఆగలేక స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేశా. 'మా పెరట్లో హిస్టరీ. వచ్చినవాళ్లు తొక్కకండి.' అరగంటలో పదిహేను మంది దిగారు. ఒకడైతే సమోసాలు కూడా తెచ్చాడు. ఫెన్స్ అవతల నుంచి పక్కింటి తాతగారు తొంగి చూస్తున్నారు. ఇంకేం, లెక్చర్ మొదలుపెట్టా. "మనిషి కొంచెం పొట్టి. బహుశా యోధుడు..."

ప్రవల్లిక వంగి చూసింది. "ఏమే, నీ యోధుడికి తోకుందే!"

అందరూ గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తీసుకుని లిండా గారు వచ్చారు. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని టూత్‌బ్రష్ వెనక దాచుకున్నా. ఆవిడ నేరుగా గోతి దగ్గరికి వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలోంచి కుక్క మెడకు కట్టే ఎర్ర పట్టీ ఒకటి లాగారు.

"బడ్డీ..." అన్నారు. "నేను హాస్పిటల్లో ఉన్నప్పుడు పోతే మా ఆయన పాతిపెట్టారు. ఎక్కడో నేను అడిగేలోపే ఆయనా పోయారు. ఎంత వెతికానో!"

సమోసా తింటున్నవాడు నమలడం ఆపేశాడు.

అందరం కలిసి బడ్డీకి కొత్త దుప్పటి కప్పి, మళ్లీ పూడ్చాం. "నువ్వే కదా కనిపెట్టావు, రెండు మాటలు చెప్పు" అని లిండా గారు నా చెయ్యి పట్టుకున్నారు. కళ్లనిండా నీళ్లతో ఏదో చెప్పా. బాగానే చెప్పా. చివర్లో నా నోరు దానంతటదే "థాంక్యూ! ఎనీ క్వశ్చన్స్?" అనేసింది!

చచ్చాననుకున్నా. లిండా గారు కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు. ఫెన్స్ అవతల తాతగారు మాత్రం సీరియస్‌గా చెయ్యెత్తారు.

"మా పిల్లిని కూడా మా పెరట్లోనే ఎక్కడో పాతిపెట్టాం, చోటు మర్చిపోయాం. వచ్చే శనివారం నువ్వు ఖాళీయేనా?"

ఏం చెప్పను! బిజినెస్ అనలిటిక్స్ చదవడానికి ఇంత దూరం వచ్చినదాన్ని. కెనడాలో నాకొచ్చిన మొట్టమొదటి జాబ్ ఆఫర్ అదే.