చింతపండుతో తోమిన ఫ్యూజు పెట్టె

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో నేను పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు ఒక ముసలి బస్సు తోలేవాణ్ణి. యుద్ధానికి ముందు నాటి బండి. దాని ఓనరుకు ఒకటే పట్టింపు. డ్రైవరు చెయ్యి స్టీరింగు మీదే ఉండాలి, వైర్ల జోలికి పోకూడదు. పోయినవాణ్ణి మరునాడే దింపేసేవాడు. నాకు ముందున్న డ్రైవరు అట్లా దిగినవాడే.

నాకేమో చేతులు ఊరకుండవు. ఫ్యూజు పెట్టెలో ఇత్తడి బిగింపులు పచ్చగా చిలుము పట్టి కనిపిస్తే ప్రాణం ఒప్పేది కాదు. ప్రొద్దుటూరులో మా బండ్లు చూసే మెకానిక్కు మామ నెల కిందటే వాటిని గీకి, "ఇది శానా పాతదప్పా. నువ్వు ముట్టుకోవాకు, కొత్త పెట్టె తెప్పిస్తా" అని చెప్పి ఉన్నాడు. ఈయన ఎప్పుడు తెప్పించేది, నేనెప్పుడు చూసేది అనుకున్నాను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండులో ఉప్పు కలిపి రుద్దాను. తళతళలాడిపోయాయి. నీళ్లు పోస్తే వైర్లు తడుస్తాయని ఉత్త తడిగుడ్డతో తుడిచి మూత పెట్టాను. ఎంత గొప్ప పని చేశానో అని ఆ పొద్దంతా నాలో నేనే మురిసిపోయాను.

రెండు వారాలకు కడప నుంచి బండ్ల కండిషను పరీక్షించే బ్రేకు ఇనస్పెక్టరు వచ్చాడు. ప్రొద్దుటూరులో బండ్లన్నీ వరసగా నిలబెట్టాం. ఆయన మా బస్సెక్కి హారన్ నొక్కాడు. కుయ్యిమనలేదు. బ్రేకు తొక్కితే వెనక దీపం వెలగలేదు. "మిగతావి చూసి వచ్చేలోగా బాగుచేస్తే సరి, లేకుంటే సర్టిఫికెట్ లేదు" అని ముందుకు పోయాడు. మిగిలినవి నాలుగే బండ్లు.

ఓనరు మొహం మాడిపోయింది. "ఎవురు చేసినారయ్యా ఆ వైర్లు?" అని అరిచాడు.

"మామే, నెల కింద" అని నా నోట్లోంచి ఊడిపడింది. అబద్ధం కాదు. నిజమూ కాదు.

కబురు పంపితే మామ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టె మూత తీశాడు. పచ్చటి పొడి రాలింది. వేలు తగలగానే ఒక బిగింపు విరిగి కింద పడింది. దాన్ని ఏరి, నాలుక కొసతో ముట్టి, ఉప్పగా తగిలిందేమో, ఉమ్మేశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఓనరు మా పక్కనే ఉన్నాడు.

"ఏందది?" అన్నాడు ఓనరు.

"చెప్తా సారూ. ముందు పని కానీ."

పాత టార్చిలైటులోంచి ఇత్తడి రేకు పీకి, కత్తిరించి, వంచి, విరిగిన చోట బిగించాడు. మిగతావాటిని ఎమరీ కాగితంతో గీకి పెట్రోలు గుడ్డతో తుడిచాడు. నేను మూత పట్టుకుని నిలబడ్డాను. అవతల ఇనస్పెక్టరు ఆఖరి బండి దిగుతున్నాడు. మామ ఫ్యూజు తీగ చుట్టి బ్యాటరీ తగిలించాడు.

"కొట్టప్పా" అన్నాడు.

హారన్ మోగింది. దీపం వెలిగింది. ఇనస్పెక్టరు వచ్చి చూసి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు చెప్పు, ఎట్లా చెడింది?" అని ఓనరు మామను నిలదీశాడు.

మామ చేతులు తుడుచుకుంటూ, "నేనే సరిగ్గా చెయ్యలేదు సారూ. తప్పు నాదే" అన్నాడు.

"అట్లయితే ఇంక నా బండ్ల మీద చెయ్యి పెట్టొద్దు నువ్వు."

ఓనరుకు మూడు బస్సులు. మామ ఇల్లు గడిచేది ఆ మూడింటి పనితోనే. అది నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, ఆయన పని నిలుస్తుంది, నా సీటు పోతుంది. నేను ఒంగి కిందపడిన ఎమరీ కాగితం ముక్కలు ఏరాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఏరుతూనే ఉన్నాను.

ఓనరు బస్సెక్కి కూర్చున్నాడు. మామ మరిచిపోయిన స్క్రూడ్రైవరు తీసుకుని సైకిలు దాకా పరుగెత్తాను.

"మామా..." అన్నాను.

ఆయన దాన్ని అందుకుని సంచిలో వేసుకున్నాడు. "నీకు మొన్ననే బిడ్డ పుట్టిందంట కదప్పా. పో, బస్సుకు టైమైతాంది."

నేను పోయాను.