దండ వేసిన అడకత్తెర

ఏటా నానమ్మ తిథినాడు మా ఇంట్లో దండ వేసేది ఒక అడకత్తెర ఫోటోకి. చూసినవాళ్లు నోరు వెళ్లబెడతారు. నాకు మాత్రం ఆ బంతిపూల వాసన తగిలితే చాలు, ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టరు కిటికీలోంచి పడే చలికాలపు ఎండ గుర్తొస్తుంది.

అరవైల్లో నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. వారమంతా ఇనుముతో కుస్తీపట్టి, ఆదివారం వచ్చిందంటే పాత డబ్బా కెమెరా ముందు భూతద్దం కట్టి, పీట మీద తెల్లపంచె పరిచి, ఉప్పుగల్లు, తాళంచెవి, వెల్లుల్లి రెబ్బ, ఏది దొరికితే దాన్ని కొండంత చేసి ఫోటో తీసేవాడు. అద్దం ముక్కతో ఎండని దానిమీదికి తిప్పడం నా పని. వీధిలో గోళీల చప్పుడు, వంటింట్లో ఖర్జూరపు బెల్లం కాగుతున్న వాసన, ఏదీ పట్టేది కాదు మాకు.

నానమ్మ ఒక్క ఫోటోకి మొహం వాచిపోయింది. ఆదివారమైతే చాలు, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఒక ఆదివారం రీల్లో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది.

"ఓరి నాయినా, నాదొకటి తియ్యరా. రేపు నేను పోతే గోడకేటి తగిలిస్తారు?"

"మొగాలు స్టూడియో దాదా తీస్తాడ్లే అమ్మా. నీ అడకత్తెర ఇలగియ్యి," అన్నాడు నాన్న.

నేను కిసుక్కున నవ్వాను. పాపిష్టి నవ్వు! ఆవిడ రొంటిన దోపుకున్న అడకత్తెర తీసింది. దాని నోరు తెరిచి పీట మీద నిలబెడితే పడిపోతోందని తనే పట్టుకుంది.

"సెయ్యడ్డొత్తంది, ఎనక్కి తియ్యమ్మా!" అని నాన్న విసుక్కుంటూనే నొక్కేశాడు.

కొత్త రీలు కొనేలోపే నానమ్మ జ్వరంతో పోయింది. దినంనాడు పెట్టడానికి ఫోటో లేదు. ఇల్లంతా వెతికితే ఉప్పుగల్లుంది, వెల్లుల్లి రెబ్బ ఉంది, మనిషి లేదు. నాన్న నన్ను వెంటబెట్టుకుని ఇంకా కడిగించని ఆఖరి రీలు పట్టుకుని ఖరిదా బజారులోని స్టూడియోకి వెళ్లాడు. కడిగిన ఫోటోలో అడకత్తెర పక్కన, అంచు మీద, సున్నం మరకతో నానమ్మ బొటనవేలు పడింది. స్టూడియో నడిపే బెంగాలీ దాదా ఎప్పట్లాగే అంచు కత్తిరించబోయాడు.

"మత్ కాటో దాదా, ఓ మా హై," అన్నాడు నాన్న. కత్తిరించకు, అది మా అమ్మ అని. అంత మనిషీ అక్కడే భోరుమన్నాడు. మళ్లీ కెమెరా ముట్టుకోలేదు.

ఆ క్వార్టరు లేదు, నాన్నా లేడు, రొంటిన అడకత్తెర పెట్టుకునే ముసలమ్మలూ లేరు. దండ మాత్రం నేనే వేస్తాను, కాస్త ఎడంగా జరిపి. పువ్వులు ఆ వేలిని కప్పేస్తే, నానమ్మని మళ్లీ చెయ్యి తియ్యమన్నట్టే.