ఎడమచేతికి నేను పలకలేదు

మా తమ్ముడు త్సాత్సు వలలు బాగుచేసేవాడు. ఇంతే చెప్పి ఊరుకుంటే వాడికి అన్యాయం చేసినట్టు. కేటా ఒడ్డున ఇటు సముద్రానికీ అటు ఉప్పు మడుగుకూ నడుమ ఉన్న మా ఇసుక పట్టీ మీద వాడి ముడి పడని అలివి వల, ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, ఒక్కటీ లేదు. మా నాన్న ఇంటిని సముద్రం తినేసిన ఏడు అందరూ తలుపులూ కుండలూ పట్టుకుని పరిగెత్తుతుంటే, పసివాడై ఉండి కూడా వీడు నాన్న వల సూదిని నోట కరుచుకుని బయటికొచ్చాడు. అప్పటి నుంచీ అది వాడి కుడిచేతిలోనే ఉంది. మాట తక్కువ, పొగరు ఎక్కువ. చిరిగిన వల తెచ్చినవాణ్ణి ముందు తిట్టేవాడు, తర్వాత కూర్చోబెట్టి మొక్కజొన్న ముద్దా నెత్తళ్ళ పులుసూ పెట్టించేవాడు, ఆ తర్వాతే పని. పొగరు మా ఇంటి సొత్తు, నా వాటా నేనూ తెచ్చుకున్నాను.

ఆ కుడిచెయ్యే పోయింది. ఉత్తరపు దుమ్ముగాలి వీచే రోజుల్లో ఒక పొద్దున, ఒళ్ళో వల పరుచుకుని కూర్చున్నవాడి చేతిలోంచి సూది జారింది. తీయబోయాడు, అందలేదు. మూతి ఒక పక్కకి జారిపోయింది. ఎండ దెబ్బన్నారు ఒకరు. గిట్టనివాళ్ళు ఏదో చేయించారన్నారు ఇంకొకరు. నేను మాత్రం కారు పిలవమని అరిచాను. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. పక్షవాతం కుడికాలినీ కుడిచేతినీ సగం మాటనూ పట్టుకుపోయింది.

ఇంటికి తెచ్చాక ఎలోమ్ అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. సన్నటి పిల్ల, కానీ గొంతు మాత్రం వల లాగేవాళ్ళకి పాట అందించేవాడి గొంతు. తడి ఇసుక తొట్టిలో చెయ్యి పెట్టించి పిసకమనేది. సీసా మూతలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరించేది. పీట మీంచి లేపి కూర్చోబెట్టేది, మడుగులో మోకాలి లోతున నడిపించేది.

"కాలు తొందరగా తేరుకుంటుంది పెద్దమ్మా. చెయ్యి మొండిది. ఎంత ఆలస్యమైనా పనులు కుడిచేత్తోనే చెయ్యనివ్వండి. అన్నీ ఎడమచెయ్యే అందుకుంటే ఇది పనే మర్చిపోతుంది."

"ఎన్నాళ్ళే ఈ పిసకడం?"

"నెలలు కాదు, ఏళ్ళు. మధ్యలో ఆపితే బిగుసుకుపోతుంది. తర్వాత నేనొచ్చినా విప్పలేను."

నెత్తళ్ళ కాలానికి సూది పడతానని త్సాత్సు ఆ పిల్లతో ముద్దమాటల్లోనే పందెం వేశాడు. కొన్నాళ్ళు ఇసుక పిసికాడు కూడా. బొటనవేలు కదిలిన రోజు వాడి పెళ్ళాం అక్పెనె కోడిని కోసింది.

తర్వాత కాలు వచ్చింది. కాలు రాగానే వాడు వీధిలోకి వెళ్ళాడు. చెయ్యి చెడింది అక్కడే.

మాలో ఎడమచెయ్యి చాచి పలకరించినా, ఎడమచేత్తో ఏదైనా ఇచ్చినా తిట్టినంత పని. తప్పనిసరైతే "ఎడమండీ" అని ముందే ఒప్పుకోవాలి. అవతలివాళ్ళు "అదీ చెయ్యే లెండి" అనాలి. ఆ మాటతో తప్పు మాసిపోతుంది. త్సాత్సు గుడ్డ కప్పుకుని, కుడిచేతిని దాని లోపల దాచుకుని, చావుకి వెళ్ళినా సంతకి వెళ్ళినా "ఎడమండీ" అనడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా జాలిపడి "చెయ్యే అన్నా, చెయ్యే" అంది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయితే ఆ మాట విన్నప్పుడల్లా వాడి మొహంలో ఒక హాయి కనబడేది, అది చూస్తే నాకు భయమేసేది. ఇసుక తొట్టి కోడిపిల్లల పాలైంది. వాడు అన్నం కలపడానికి తంటాలు పడుతుంటే అక్పెనె ముద్దలు చేసి నోట పెట్టేది.

"ఎందుకమ్మా, వాడికి చేతుల్లేవా?" అన్నాను.

"చల్లారిపోతోంది వదినా. నా మొగుడు ముద్ద కోసం అంతసేపు అవస్థపడుతుంటే చూస్తూ కూర్చుంటే నలుగురూ నన్నేమంటారు?"

"నలుగురూ వలలు తెచ్చిస్తారా? అడుగు, తెస్తారేమో."

వానలకి దారి తెగి ఎలోమ్ చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజు గుడ్డ తొలగించి చూసింది. వేళ్ళు ఎండ్రకాయ కాళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. విప్పబోతే వాడు పళ్ళు బిగించాడు. పోతూ పోతూ దడి దగ్గర నాతో అంది:

"ఆయన పని చెయ్యలేక కాదు పెద్దమ్మా, అవసరం లేక మానేశారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే పోతే ఈ చెయ్యి ఇక సూది పట్టదు."

మర్నాడు నేను సంతలో పొగబెట్టిన చేపలు పేరుస్తుంటే త్సాత్సు వచ్చాడు. గుడ్డలోంచి ఎడమచెయ్యి చాచాడు.

"ఎడమ, అక్కా."

నేను చేపలు తిప్పుతూ ఉన్నాను.

"ఎడమ, అక్కా," అన్నాడు గట్టిగా.

చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. ఆ మాటకి పలకకపోవడం అంటే మొహాన ఉమ్మడమే, నాకు తెలియక కాదు.

"నాకు చెయ్యేం కనబడట్లేదు. గుడ్డలో దాచింది బయటికి తియ్యి, అప్పుడు చూస్తా."

వాడు చాచిన చెయ్యి దించుకుని వెళ్ళిపోయాడు. పక్క బల్ల క్పోవి బుగ్గలు నొక్కుకుంది.

"సొంత తమ్ముడికే అబ్లా! నీ నాలిక మీద చేపలు ఊరబెట్టొచ్చే తల్లీ, ఉప్పే అక్కర్లేదు."

"ఊరబెట్టుకో. నీ చేపల కంపు కాస్త తగ్గుతుంది."

నవ్వింది, కానీ నాతో కాదు. ఆ రోజు నా దగ్గర ఎవరూ చేప కొనలేదు. సాయంత్రం అక్పెనె వచ్చి నా గుమ్మంలో ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. "ఆయన అన్నం ముట్టలేదు. మంచానికి అంటుకుపోయాడు. మళ్ళీ వాతం కొడితే నీదే పాపం," అంది. ఆ భయం నాకు లేదనుకుందేమో.

మా బాబాయి అగ్బెన్యో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. పిండి కలిపిన నీళ్ళు సొరబుర్రలో తెచ్చి, చనిపోయిన పెద్దలకని కొంచెం నేలమీద పోసి, నావైపు తిరిగాడు.

"అబ్లా, వాడి మాటకి పలకకపోవడం తప్పు. ఒప్పుకుంటావా?"

"తప్పే. తప్పని తెలిసే చేశాను. మీరంతా కలిసి 'చెయ్యే, చెయ్యే' అని వాడి చేతిని చంపారు. అదెవరు ఒప్పుకుంటారు?"

"నోరు! నీ నోటికి జడిసి సముద్రం కూడా వెనక్కి పోతుంది," అన్నాడు బాబాయి.

"అయితే నాన్న ఇల్లు మునుగుతున్నప్పుడు నన్నెందుకు పిలవలేదు?"

ఒకరిద్దరికి నవ్వొచ్చి దగ్గారు. నేను బుర్ర అందుకుని నా వంతు తాగాను. ఇప్పుడు త్సాత్సు తాగాలి, తాగితేనే రాజీ. బాబాయి బుర్ర చాచి సందిగ్ధంగా ఆగాడు. పెద్దలకి పోసిన నీళ్ళు ఎడమచేత్తో అందుకోకూడదు. ఆ సంగతి అందరికీ ఒక్కసారే తట్టినట్టుంది.

"ఫరవాలేదు, జబ్బు మనిషి..." అన్నారెవరో.

"నేను పట్టి తాగిస్తా," అని అక్పెనె లేచింది.

త్సాత్సు తల అడ్డంగా ఊపాడు. గుడ్డలోంచి కుడిచెయ్యి తీశాడు. అంతమందిలో దాన్ని చూడటం నాకే కష్టమైంది. తెల్లబడి, సన్నబడి, ముడుచుకుని ఉంది. ఎడమచేత్తో ఒక్కో వేలూ లాగాడు. కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. బుర్ర ఆ వేళ్ళ మధ్యకి దూరీ దూరకుండా ఆగింది. గుండెకి ఆనించి పైకెత్తుతుంటే నీళ్ళు చాలావరకు గుడ్డ మీదా బాబాయి కాళ్ళ మీదా పోయాయి. అడుగున మిగిలింది తాగాడు. నావైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో రాజీ లేదు.

మర్నాడు కోడిపిల్లల్ని తోలి తొట్టిలో ఇసుక మార్చాడట. అక్పెనె చెప్పింది, నాకు కాదు, నాకు వినబడేలా క్పోవికి చెప్పింది. ఎలోమ్ వచ్చి వేళ్ళు సాగదీస్తుంటే వాడి అరుపు వీధి చివరికి వినబడేది. ఆ అరుపు విని నన్ను తిట్టుకోని ఇల్లు లేదు. నెత్తళ్ళ కాలం వచ్చింది, పోయింది. వలలు పక్క ఊరివాడి దగ్గరికి వెళ్ళాయి. బిగిసినదంతా తిరిగి విచ్చుకోదనీ, బొటనవేలి సంగతి చెప్పలేననీ ఎలోమ్ నాతో అంది. ముందే మొదలెట్టి ఉంటే, అని మధ్యలో ఆపేసింది. త్సాత్సు నాతో మాట్లాడలేదు. మా దడి పక్కగా పోతూ కూడా తల తిప్పేవాడు కాదు.

మొన్న సంతకొచ్చాడు. నా బల్ల ముందు ఆగి గుడ్డ వెనక్కి తోశాడు. కుడిచేతిలో ఒక గొరక చేప, తోక దగ్గర పట్టుకుని ఉన్నాడు. "ఎడమ" అనలేదు, ఏమీ అనలేదు. నావైపు చాచాడు. చెయ్యి సగం దూరం వచ్చి వణికింది. చేప జారి ఇసుకలో పడింది.

క్పోవి వంగబోయింది. నేను క్పోవి నడుం గుడ్డ పట్టుకుని లాగాను. నేనూ వంగలేదు.

వాడు వంగాడు. చెడ్డకాలు ఊగింది, పడిపోతాడనుకున్నాను. అందుకున్నాడు, మళ్ళీ జారింది. వేళ్ళతో కాదు, అరచేత్తో దాన్ని తన కాలికి అదిమి పైకి ఈడ్చి, ఇసుకతో సహా నా బల్ల మీద పడేశాడు. మొహమంతా చెమట.

"కడుక్కో," అన్నాడు. ఇన్నాళ్ళ తర్వాత అదే మొదటి మాట.

"నువ్వే కడిగి తీసుకురా. కుళాయి అక్కడుంది."

క్పోవి "దేవుడా" అని కళ్ళు మూసుకుంది. త్సాత్సు నన్ను ఎగాదిగా చూశాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. వాడు నోట్లోనే ఏదో గొణిగాడు. అది తిట్టే అయి ఉంటుంది. తర్వాత ముడుచుకున్న ఆ కుడిచేతినే చేప కిందికి దోపడం మొదలుపెట్టాడు.