విమానం రెక్కలో అక్క చెయ్యి

మా అక్కతో కూరగాయలకు వెళ్లడమంత నరకం లేదు. మహబూబాబాద్ మిర్చి వ్యాపారుల ఇంటి కోడలు. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే దేన్నీ నమ్మదు.

నిరుడు భూపాలపల్లి దగ్గర రెండు సీట్ల పాత విమానాన్ని కారు ధరకే అమ్ముతున్నారని తెలిసింది. నడపడం నేర్చుకున్న ధైర్యంతో జనగామ నుంచి వెళ్లాను, అక్కతో సహా. విమానం కొత్త రంగుతో మెరుస్తోంది.

"ఒక చక్కర్ కొట్టి రాండ్రి సార్," అన్నాడు అమ్మేవాడు. ఎక్కి కూర్చున్నాను.

"జర ఆగు తమ్మీ."

అక్క రెక్క కింది మూత తీయించి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. తుప్పుపట్టి విరిగిన ఇనుప ముక్క బయటికొచ్చింది. రెక్కను పట్టి ఉంచేది అదేనట. నన్ను కిందికి దింపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆ చేతి పుణ్యమే.

అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "గింత సదువుకున్నవ్, పై రంగు చూసి కొంటవారా?"