అట్టముక్క మీద పడని చుక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్లతో నేను ఎప్పుడూ గొడవే పడ్డాను. చూశానన్నవాణ్ణి ఎక్కడ చూశావు, పక్కన ఎవరున్నారు, వెలుతురు ఎంతుంది అని అడిగేవాణ్ణి. మా తోడల్లుడు ఒకసారి నలుగురిలో, "నీతో మాట్లాడితే పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చినట్టుంటుంది బావా" అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. అందుకే ఇది రాసేముందు నన్ను నేనే అలా ప్రశ్నించుకున్నాను. ఆ ప్రశ్నలకు నిలిచినవే రాస్తున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలు. మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. అందులో ఒకదానిలో నాకు కంప్యూటర్ ఉద్యోగం. ఖాజాగూడలో బండరాళ్ల పక్కన ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాం. నా భార్య సునీతకు నెలలు నిండుతున్నాయి. ఆమెను చూపించే ఆసుపత్రి మెహదీపట్నం వైపు. మా ఇంటివైపు ఆటోలు రావు, బస్సుని నమ్ముకోలేం. ఆ భయంతోనే ఒక పాత పెట్రోలు కారు కొన్నాను.

అమ్మినాయన పేరు నర్సింహులు. బాలానగర్‌లో ఫ్యాక్టరీలో చేసి రిటైరైనాడు. తాళాలు చేతిలో పెడుతూ, "రోజూ పొద్దుగూకంగ ఇంజిన్ కింద ఒక అట్టముక్క ఎయ్యి సారూ. పొద్దుగాల లేసి చూస్తే ఏడ కారుతుందో అదే చెప్తది" అన్నాడు.

"అయితే కారుతుందా?" అని అడిగాను.

"నా తాన ఒక్క చుక్క కారలే. నడుపుడు రానోళ్ల తానికి పోతే నాకెర్కలేదు" అన్నాడు. ఇదీ నేను మరచిపోలేదు.

కొద్ది రోజులకే ఖాజాగూడ ఎత్తు ఎక్కుతుండగా ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. పక్కన సునీత ఉంది. బండి ఆపి, ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే చివరన మాత్రమే తడి. ఆయిల్ పోశాను. వారం తిరగకముందే మళ్లీ తగ్గింది. కింద వేసిన అట్టముక్క మాత్రం రోజూ పొడిగానే ఉంది.

మెకానిక్ గౌస్ విషయం సూటిగా చెప్పాడు. "ఆయిల్ పోవాలంటే రెండే తొవ్వలు సార్. కిందికన్న కారాలె, లేకుంటే లోపల మండి పొగల పోవాలె."

మండితే పొగ నీలంగా వస్తుందట. అతను ఇంజిన్‌ని గట్టిగా రేజ్ చేస్తుంటే నేను వెనక నిలబడి చూశాను. నీలం జాడ లేదు. పొగగొట్టం దగ్గర పట్టిన తెల్లగుడ్డకు జిడ్డు అంటలేదు. తరువాత ఇంజిన్ అంతా కడిగి, ఆరబెట్టి, ఇంట్లో పౌడర్ ఉంటే తెమ్మన్నాడు. సునీత గంధం పౌడర్ డబ్బా ఇచ్చింది. పౌడర్ చల్లితే, ఆయిల్ కారేచోట నల్లటి చార పడుతుంది. మూతల సందుల్లోంచి ఆయిల్ కారకుండా వేసే రబ్బరు గాస్కెట్లు కూడా ఒక్కొక్కటి తడిమి చూశాడు.

రోజులు గడిచినా పౌడర్ సున్నం వేసినట్టు అలాగే ఉంది. ఆయిల్ మాత్రం తగ్గుతూనే ఉంది.

"బండికి ఏం బీమారి లేదు సార్. మీరే జర ఫికర్ తగ్గించుకోండ్రి" అన్నాడు గౌస్. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆ సాయంత్రం సునీత నెమ్మదిగా అడిగింది. "నొప్పులొచ్చిన రోజే ఆ దీపం వెలిగితే ఏం చేద్దామండీ?"

కడ్డీ చూడటం కోసం నిద్రలోంచి లేస్తున్నానని ఆమెకు చెప్పలేదు.

ఆదివారం కారు ఇంటిదగ్గరే వదిలి, బస్సెక్కి బాలానగర్ వెళ్లాను. బండి వెనక్కి తీసుకోమని నిలదీయాలని పొడి అట్టముక్కను కూడా చంకలో పెట్టుకున్నాను. గేటు తీస్తూనే నర్సింహులు భార్య నా మీద పడింది.

"బండి తీస్కపోయినవ్, గీ కారుడు ఎవరికి ఇడిసిపెట్టినవయ్యా? రోజూ కడుగుడు నాతోని ఐతలేదు!"

కారు ఉండే రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. అలవాటు మానలేక నర్సింహులు కింద అట్ట వేస్తూనే ఉన్నాడట. దాని మీద అరచేయంత నల్లటి మరక. తాజాగా మెరుస్తోంది. పైన రేకులు పొడిగా ఉన్నాయి. చుట్టుపక్కల ఇంకే బండీ లేదు.

వీళ్లే పోసి నాటకమాడుతున్నారనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తాకి వాసన చూశాను.

గంధం పౌడర్ వాసన. మరక అంచున తెల్లటి ముద్దలు. ఇంజిన్‌కి పౌడర్ పూసిన సంగతి ఆ ఇంట్లో నేను చెప్పలేదు.

ఆయిల్ నాదని నేను, జాగా తనదని ఆయన, చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నర్సింహులు గొంతు తగ్గింది. "ఒకపారి తెచ్చి ఈడ పెట్టు సారూ" అన్నాడు.

మరునాడు గౌస్‌ని ఎక్కించుకుని కారు తీసుకెళ్లాను. ఆ షెడ్డులో, ఆ మరక మీదే నిలిపి ఇంజిన్ నడిపించాం. మేం చూస్తుండగానే ఇంజిన్ పైమూత వెనకవైపు పౌడర్ నల్లబడింది. చార కిందికి జారింది. మొదటి చుక్క అట్టముక్క మీద, సరిగ్గా పాత మరక మధ్యలో పడింది.

గౌస్ మూత విప్పితే గాస్కెట్ అప్పడంలా విరిగింది. "ఇదే గాస్కెట్ నేను చేత్తో పట్టి చూసిన సార్. మెత్తగ ఉండె" అన్నాడు. ఈసారి నవ్వలేదు. అక్కడే కొత్తది వేశాడు.

ఆ తరువాత ఆయిల్ తగ్గలేదు. అయినా సునీతకు నొప్పులొచ్చిన ఉదయం దారి పొడవునా ఆ దీపం మీదే నా చూపు. ఖాజాగూడ ఎత్తు మీద కూడా వెలగలేదు. మధ్యాహ్నానికల్లా మాకు పాప పుట్టింది.

నేల పీల్చుకున్న పాత ఆయిలే ఎండకు ఊరి ఉంటుందని తోడల్లుడు తేల్చాడు. అట్టముక్క పైనుంచి తడిసింది, అడుగు పొడిగా ఉంది అన్నాను. మరి పౌడర్ సంగతేమిటన్నాను. టీ తాగి వెళ్లిపోయాడు.

నర్సింహులు ఇప్పటికీ తన దగ్గరున్నప్పుడు కారలేదనే అంటాడు. నా ఇంట్లోనూ కారలేదు. ఇద్దరం చెప్పేదీ నిజమే.

ఆ రెండు అట్టముక్కలూ మా అటక మీద ఉన్నాయి. పారేయమని సునీత చాలాసార్లు అడిగింది. పారేయలేదు. ఒకటి పొడిగా ఉంది, రెండోదానికి ఇంకా గంధం వాసన. ఫిర్యాదు చేయడానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఎవరి మీద చేయాలో మాత్రం ఇన్నేళ్లయినా తెలియలేదు.