నల్లమ్మ నలుపన్న నీలం

రామాంజినమ్మది నల్లమాడ దగ్గర పల్లె. సుంకన్నను చేసుకొని ముదిగుబ్బ పక్కనుండే మా ఊరికి వచ్చేటప్పటికి ఆమెకు ఇరవై ఏండ్లుంటాయి. సుంకన్నకు నలభై గొర్రెలు, రెండు మేకలు, నాలుగెకరాల మెట్ట చేను. వానొచ్చిన ఏడు శెనక్కాయ వేసేవాడు, రాని ఏడు గొర్రెలను నమ్ముకునేవాడు. ఇంట్లో మూడో మనిషి అత్త నల్లమ్మ. మొగుడు పోయినాక ఒంటిచేత్తో సంసారం ఈదుకొచ్చిన మనిషి. మాట కరుకు. కోడలు చేసిన పని ఏదైనా బాగుందని ఆమె నోట ఎవరూ వినలేదు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది వచ్చేటప్పటికి నల్లమ్మ కండ్లకు పొర కమ్మింది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకొని నడిచేది. ఒకదినం గడప దాటబోయి, మెట్టు కనపడక వాకిట్లో బోర్లా పడింది. మోచెయ్యి వాచింది. ఆ దినం నుంచి అరుగు మీదనే కూర్చుండిపోయింది.

మా దిక్కు ఇండ్లు తెలిసిందే గదా. గోడ మట్టిది, నేల మట్టిది, మెట్టు మట్టిది, వాకిలి మట్టిది. పొర కమ్మిన కంటికి అంతా ఒకటే రంగు.

కొన్నాళ్లకు రామాంజినమ్మ ఒకటి కనిపెట్టింది. అత్త పక్కన చెంబుతో నీళ్లు పెడితే, సాయంత్రానికి పెట్టినట్లే ఉంటాంది. ఎండాకాలం. పెదవులు పగిలిపోయినాయి. ఎందుకు తాగలేదని అడిగితే కసిరింది. సంగతి అర్థమయ్యేకి కోడలికి వారం పట్టింది. నీళ్లు తాగితే దొడ్డికి పోవల్ల. పోవల్లంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవల్ల. అది అడగలేక ముసలామె గొంతు ఎండబెట్టుకుంటాండాది.

ఆ ఏడు ఉగాదికి గోడలకు సున్నం కొడుతుంటే చేతిలో ముంత జారి మెట్టు అంచున ఒలికింది. రామాంజినమ్మ తుడవబోయింది. అరుగు మీద నుంచి నల్లమ్మ అడిగింది.

"ఏందే అది, ఆడ తెల్లగా గీత మాదిరి ఉండాది?"

"నీకు కనపడుతాందా అత్తా?"

"కనపడకపోతే అడుగుతానా?"

రామాంజినమ్మ తుడవలేదు. మెట్టు అంచు పొడుగునా ఇంకింత సున్నం పూసింది. మరుసటి పొద్దున నల్లమ్మ తనకు తానే లేచి, ఆ తెల్లగీత దాకా వచ్చి, కాలితో తడిమి, మెట్టు దిగింది. ఎవరినీ పిలవలేదు.

సున్నం నాలుగు దినాల్లో కాళ్లకు అంటుకొని పోయింది. పోని రంగు కావల్ల. మా ఊరి యేసన్న ముదిగుబ్బలో లారీలకు, అంగళ్ల బోర్డులకు రంగులు వేసేవాడు. రామాంజినమ్మ వాళ్ల ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది.

"యేసన్నా, డబ్బాల అడుగున మిగిలిన రంగు ఏం చేస్తావు?"

"ఏం చేసేదక్కా, పైన తొక్క కడుతుంది. పారేస్తా."

"పారేయొద్దు. నాకియ్యి."

"నీకెందుకు? లారీ కొన్నావా ఏంది?"

ఆమె సంగతి చెప్పింది. యేసన్న నవ్వు మానేసినాడు. తొక్క తీసేస్తే అడుగున రంగు పచ్చిగానే ఉంటుందని, కాస్త కిరసనాయిలు కలిపితే మళ్లీ జారుగా వస్తుందని చేసి చూపించినాడు. ఏమీ వద్దన్నా వినకుండా ఆమె పోయినప్పుడల్లా ఇన్ని వేయించిన శెనక్కాయలు కొంగులో కట్టుకొని పోయేది.

మేక తోక వెంట్రుకలు పుల్లకు బిగించి కుంచె చేసుకుంది. మెట్టు అంచుకు నిండు పసుపు రంగు పూసింది. పొయ్యి చుట్టూ, చెయ్యి పోకూడని మేరకు ఎర్రపట్టీ వేసింది. ఉప్పు డబ్బాకు తెలుపు, కారం డబ్బాకు ఎరుపు. పాత చీరలు చించి, తెల్లపేలిక ఎర్రపేలిక కలిపి జడ మాదిరి అల్లి, తలుపు నుంచి దొడ్డి దాకా గుంజలు నాటి కట్టింది. నల్లమ్మ ఆ తాడు పట్టుకొని పోయేది, వచ్చేది. చెంబులో నీళ్లు మళ్లీ ఖాళీ అయితా వచ్చినాయి. నెల తిరగకముందే ఆమె పొయ్యి కాడ కూర్చొని, ఉప్పు యాడ, కారం యాడ అని అడక్కుండా పప్పు చేసింది. ఆ పప్పుతో సంగటి తింటుంటే గుండెల మీద నుంచి బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్లు అయిందని రామాంజినమ్మ నాతో చాలాసార్లు చెప్పింది.

అంతటితో ఆపొచ్చు. ఆమె చెయ్యి ఆగలేదు. కుంచె పట్టుకుంటే ఏదో సంబరంగా ఉండేది. పగిలిన గాజుముక్కలు ఏరిపెట్టుకొని, దీపం గూటి చుట్టూ పచ్చిమట్టి మెత్తి అందులో వరసగా పొదిగింది. కిరసనాయిలు డబ్బాను చీల్చి, రాతి మీద సాపు చేసి, గోడకు చెంబులు పెట్టుకునే పలక చేసింది. దాని అంచుకు చిలకపచ్చ రంగు వేసింది. అడుగు పోయిన కడవ పడుకోబెట్టి రంగు పూసి కోళ్లకు గూడు చేసింది. పక్కింటి బయమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఇది ఇల్లా, నాటకాల కొట్టమా?" అనేది. అన్నాక చానాసేపు చూస్తా నిలబడేది.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో యేసన్న ఒక నీలం డబ్బా తెచ్చిచ్చినాడు. లారీకి వేయగా మిగిలింది, సగం పైన ఉంది. ముదురు నీలం. రామాంజినమ్మ అంత రంగు ఒక్కసారిగా ఎప్పుడూ చూడలేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చొని తలుపు రెక్కలు రెండింటికీ పూసింది.

సాయంత్రం నల్లమ్మ తాడు పట్టుకొని వచ్చి తలుపు కాడ నిలబడిపోయింది.

"ఏందే ఇది? తలుపు యాడ పోయింది? గుహ మాదిరి ఉండాది."

"రంగు వేసినా అత్తా. నీలం."

"నీలమా? నన్ను గుడ్డిదాన్ని చేసి మాట్లాడొద్దు. ఇది నలుపు. బతికుండే మనిషి ఇంటి తలుపుకు నలుపు పూస్తావా?"

"నీలమే అత్తా, ఒట్టు."

"పసుపు నాకోసం పూసినావు. ఎరుపు నాకోసం పూసినావు. ఇది ఎవరికోసం?"

రామాంజినమ్మ కుంచె తుడుస్తా తల దించుకుంది. అది అత్త కోసం కాదు. తనకు బాగుందని పూసుకుంది. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసింది. ఆమె మాట్లాడకపోయేసరికి నల్లమ్మకు అనుమానం ముదిరింది. తను ఎప్పుడు పోతుందా అని కోడలు ఎదురుచూస్తాందని, అందుకే తలుపుకు నలుపు పూసిందని మరుసటి దినం బయమ్మతో అనింది. బయమ్మ అది నీలమని చెప్పినా, "నువ్వూ దాని పక్కే" అని కొట్టిపారేసింది. అరుగు మీద కూర్చొని దోవన పోయే ప్రతి మనిషికీ చెప్పింది. తలుపు చూడని వాళ్లు నిజమే అనుకున్నారు.

సుంకన్న ఇద్దరి మధ్యా నలిగిపోయినాడు.

"గీకేస్తే పోతుంది గదా, ఎందుకొచ్చిన రచ్చ?" అన్నాడు.

"గీకను. గీకితే నేను నలుపు పూసిన దాన్నే అవుతా" అనింది రామాంజినమ్మ.

అత్తాకోడండ్లకు మాటల్లేకుండా అయిదు నెలలు గడిచినాయి. ముద్ద పెట్టడం, తినడం, అంతే.

దీపావళి దాటినాక యేసన్న కబురు తెచ్చినాడు. కదిరిలో ఒక సత్రంలో కండ్ల డాక్టర్లు వచ్చి ఉంటారంట, పొర తీస్తారంట, ఏమీ ఇయ్యక్కర లేదంట. "బజారులో కట్టే గుడ్డ మీద అక్షరాలు రాసింది నేనే, అబద్ధం కాదు" అన్నాడు. సుంకన్న భయపడినాడు. నల్లమ్మ అయితే కస్సుమనింది.

"ఉండే ఈ పిసరు వెలుగు కూడా పోతే? నేను రాను పో."

రెండు దినాలు కొడుకు బతిమలాడినా కదల్లేదు. మూడో దినం రామాంజినమ్మ అరుగు కాడికి వచ్చి నిలబడింది. అయిదు నెలల్లో అదే మొదటి మాట.

"పోయి కండ్లు తెచ్చుకొని ఈ తలుపు చూడు అత్తా. నలుపైతే నీ కండ్ల ముందరే గీకేస్తా. నా పుట్టింటికి పొమ్మన్నా పోతా."

నల్లమ్మ ముఖం పైకెత్తింది.

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

"ఒరే సుంకా, బండి కట్టరా" అనింది నల్లమ్మ.

ఆపరేషను ఒక కంటికి చేసినారు. తరువాత కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసక మూటలు పెట్టి, వారం దినాలు కదలొద్దన్నారు, దగ్గొద్దన్నారు. సత్రం వరండాలో చాపల మీద యాభై మంది అట్లే పండుకొని ఉన్నారు. సుంకన్న గొర్రెల కోసం ఊరికి పోయినాడు. రామాంజినమ్మ ఒక్కతే అత్త పక్కన కూర్చొని రాగిగంజి చెంచాతో పోసేది. నల్లమ్మ నోరు తెరిచేది గాని మాట్లాడేది కాదు.

నాలుగో దినం పక్క చాప మీది ముసలాయనకు కన్ను చీము పట్టింది. ఆయన్ను ఎత్తుకొని పోయినారు. రామాంజినమ్మ ఆ ఖాళీ చాప దిక్కే చూస్తా కూర్చుంది. అత్త తనకు తానుగా రాలేదు. కోడలు వేసిన పంతం మీద వచ్చింది. ఆ ఉండే వెలుగు కూడా పోతే దానికి కారణం తనే. తలుపుకు ఏ రంగైతే ఏమి, ఒక్కమాట తగ్గి గీకేసి ఉంటే ఏం పోయేది? మిగిలిన మూడు దినాలు ఆమెకు ముద్ద దిగలేదు.

ఎనిమిదో పొద్దు డాక్టరు కట్టు విప్పినాడు. ఒక లావు అద్దం కంటి ముందు పెట్టి, "ఏం కనపడుతాందమ్మా?" అని అడిగినాడు.

నల్లమ్మ మెడ ముందుకు సాచి చూసింది. రామాంజినమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"చెయ్యి" అనింది నల్లమ్మ.

"ఎన్ని వేళ్లు?"

"మూడు. నాలుగోదానికి ఉంగరం ఉండాది, అది మడిచి పెట్టినావు."

డాక్టరు నవ్వినాడు. నల్లమ్మ తల తిప్పి కోడలి దిక్కు చూసింది. "ఇంత చిక్కిపోయినావేమే?" అనింది.

రామాంజినమ్మ బయటికి పోయి సత్రం మెట్ల మీద కూలబడింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పూట రెండు సంగటి ముద్దలు తిని, సత్రం గోడ నీడలో పొద్దు వాలేదాకా ఒళ్లు మరిచి నిద్రపోయింది.

ఇంటికి వచ్చే దినం కంటికి ఎండ తగలకుండా నల్లమ్మకు పచ్చగుడ్డ వేలాడగట్టినారు. దోవలో తలుపు ఊసు ఎవరూ ఎత్తలేదు. బండి దిగి, వాకిట్లోకి వచ్చి, ఆమె పచ్చగుడ్డ పైకెత్తింది. అద్దాలు ఇంకా రాలేదు కాబట్టి ఆకారాలు మసగ్గానే ఉన్నాయి. రంగులు మాత్రం కడిగినట్లు కనపడినాయి.

తలుపు దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించింది. పైనుంచి కిందికి నిమిరింది. తల ఎత్తి ఆకాశం దిక్కు ఒకసారి చూసి, మళ్లీ తలుపు చూసింది.

"ఇదేనా?"

"ఇదే అత్తా."

"దీన్నేనా నేను అన్ని మాటలన్నింది?"

రామాంజినమ్మ అప్పుడు చెప్పేసింది. "నీకోసం పూయలేదు అత్తా. నాకు బాగుందని పూసుకున్నా."

"పూసుకుంటే ఏమంట? ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే తిట్టేదాన్ని, ఊరికి చాటేదాన్ని కాదు."

అంతే. తప్పయిందని ఆమె అనలేదు. మరుసటి పొద్దున మాత్రం పచ్చగుడ్డ కట్టుకొని, కట్టె పట్టుకొని ఇంటింటికీ పోయింది. ముందు బయమ్మ గడపలో నిలబడి, "మే బయమ్మా, అది నలుపు కాదు, నీలమే. నా కండ్లు చెప్పిన అబద్ధం" అనింది. దోవన పోతా తన మాట విన్న వాళ్ల పేర్లు గుర్తు పెట్టుకొని, ఒక్కరినీ వదలకుండా చెప్పి వచ్చింది. మధ్యాహ్నానికి కాళ్లు నొప్పులు పుట్టి వచ్చి అరుగు మీద పడుకుంది. రామాంజినమ్మ కాళ్లకు నూనె రాస్తుంటే, "ఆ చిలకపచ్చ మాత్రం బాగలేదు, పేడ మాదిరి ఉండాది" అనింది. కోడలికి ఆ తిట్టు చెవికి తియ్యగా తగిలిందంట.

తరువాత ఊర్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అడిగినారు. బయమ్మ తలుపు ఎరుపైంది. రామాంజినమ్మ అడిగినవాళ్లకు లేదనేది కాదు గాని, పాతగాజులు, పాతచీరలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవల్లనేది. ఏ రంగు వేయల్లనో చెప్పడానికి నల్లమ్మ లావు అద్దాలు పెట్టుకొని వెంట పోయేది.

అరవై అయిదు, అరవై ఆరు, రెండేండ్లూ వానలు మోసం చేసినాయి. గొర్రెలు సగమైనాయి. తాగే నీళ్లకే అల్లాడుతుంటే గోడలకు సున్నం, ఎర్రమన్ను కలిపేకి నీళ్లు యాడివి? ఆ రెండు ఉగాదులూ ఎవరింటికీ రంగు పడలేదు. ఆ మరుసటి ఏడు ఉగాదికి రామాంజినమ్మ బిందెడు నీళ్లు పొదుపు చేసి, ముందు గోడకు ఎర్రమన్ను, పసుపుమన్ను పట్టీలు పట్టీలుగా పూసింది. గోడ ఇంకా సరిగా ఆరకముందే మబ్బు పట్టింది. మాట్లాడేంతలో వాన దిగింది. రెండేండ్ల కరువు మీద పడిన వాన, మామూలు వాన కాదు.

ఎరుపూ పసుపూ కలిసి గోడ మీద నుంచి కాలవలుగా కారి వాకిట్లోకి వచ్చినాయి. సుంకన్న గోనెపట్ట తెచ్చి గోడకు కప్పబోయినాడు.

"వదిలేయి రా, కారనీ" అనింది నల్లమ్మ. అద్దాలు తీసి రొమ్ము కాడ దాచుకొని వానలో నిలబడింది. రామాంజినమ్మ కూడా దిగింది. ముగ్గురూ తడుస్తా నిలబడి ఒకరి మొగం ఒకరు చూసుకొని నవ్వినారు. గొర్రెలు వానకు బెదిరి వచ్చి ఆ గోడకు ఒరుసుకొని నిలబడినాయి. వాన వెలిసేటప్పటికి ఒక పక్క తెల్లగా, ఒక పక్క ఎర్రగా ఉన్నాయి. వారం దినాల దాకా ఆ రంగు వదల్లేదు. సుంకన్న వాటిని అట్లే చేని గట్ల మీదికి తోలుకొని పోయి, మొలకలు పైకి తేలిన కొత్త గడ్డిలో వదిలినాడు.